పంక్తిభేదం

ఎదిగొస్తున్న దేశాన్ని చూసి అప్పటికే పెద్దపీట మీదున్న దేశాలు ఏం చేస్తాయి? విశాఖపట్నం మీద బాంబులు వేసిన ఒక చిన్న ఓడ పుట్టుకలో ఆ కథ చాలావరకు ఉంది.

విశాఖపట్నం బీచ్ రోడ్డులో, పాత డచ్చి బంగళాలో నడుస్తున్న మ్యూజియంకి వెళ్లినవాళ్లు ఒక బాంబు డొల్ల ముందు కాసేపు ఆగుతారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద వేసిన బాంబు అది. పిల్లలు తట్టి చూడబోతారు, పెద్దవాళ్లు చెయ్యి పట్టి లాగుతారు. నేను దాని ముందు నిలబడ్డ ప్రతిసారీ ఒకటే సందేహం వచ్చేది. మనకూ జపానుకూ ఏనాటి తగాదా?

అదే రోజు కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. తూర్పు తీరం వెంబడి ఇరవైకి అటూఇటూగా సరుకు ఓడలు మునిగాయి. విశాఖలో జనం మూటాముల్లె సర్దుకుని పల్లెల దారి పట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయి యుద్ధకాలమంతా అక్కడే నడిచింది. విశాఖ, కాకినాడల మీద బాంబులు వేసిన విమానాలు వచ్చింది ఒకే ఓడ నుంచి. దాని పేరు ర్యూజో. ఆ రోజు బంగాళాఖాతం పైభాగాన తిరిగిన జపాన్ దళంలో విమానాలు మోసే ఓడ అదొక్కటే.

ఆ ఓడ గురించి చదువుతున్నప్పుడు నాకు ఆశ్చర్యం కలిగించింది దాని బలం కాదు, దాని కురచతనం. 1929లో యొకొహామాలో దాన్ని కట్టడం మొదలుపెట్టినప్పుడు అనుకున్న బరువు సుమారు 8,000 టన్నులే. జపాన్ దగ్గర అంతకు మూడింతల పెద్ద ఓడలు కట్టే రేవులు, పనివాళ్లు, ఉక్కు ఉన్నాయి. అయినా చిన్నదే కట్టింది. ఎందుకంటే అప్పటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం 10,000 టన్నుల లోపు విమాన నౌక లెక్కలోకి రాదు. ఏ దేశానికి ఎన్ని టన్నులో అమెరికా, బ్రిటన్ ముందుండి కొలిచి పంచిన వాటాలో దీన్ని చూపించనక్కర్లేదు. 1930లో ఆ సందు కూడా మూసేశారు. అప్పటికే పని సగంలో ఉంది. ఇక చిన్నదిగా ఉంచి లాభం లేదని పైన ఇంకో అంతస్తు ఎక్కించారు. ఓడ తలబరువైపోయింది. నీళ్లలోకి దిగాక మళ్లీ మళ్లీ రేవుకు తెచ్చి సరిచేయాల్సి వచ్చింది.

అంటే మన మ్యూజియంలో ఉన్న ఆ డొల్ల వెనక ఒక ఓడ, ఆ ఓడ వెనక ఒక అంకె ఉన్నాయి. 5:5:3. ఆ అంకె 1922 ఫిబ్రవరిలో వాషింగ్టన్‌లో ఖరారైంది.

పాత శక్తి, కొత్త శక్తి అనగానే పండితులు గ్రీసు దాకా వెళ్లి ఏథెన్స్, స్పార్టాలను పట్టుకొస్తారు. నాకు అంత దూరం అక్కర్లేదనిపిస్తుంది. జపాన్ కథ మన సముద్రంలోనే జరిగింది, మన ఊళ్ల మీదే పడింది. పైగా దాని సారం చెప్పడానికి తెలుగులో సరిగ్గా సరిపోయే మాట ఉంది. పంక్తిభేదం. పిలవడానికి పిలుస్తారు, పని కూడా చేయించుకుంటారు. విస్తళ్లు వేసే వేళకు మాత్రం ‘నువ్వు తర్వాతి బంతిలో కూర్చో’ అంటారు. కులం పేరుతో తరతరాలుగా ఆ పని చేసిన సమాజం మనది. దాని నొప్పి ఎలాంటిదో మనకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

ఇబుకీ అడిగిన అనుమతి

పందొమ్మిదో శతాబ్దం చివర జపాన్ పడ్డ మొదటి దెబ్బ యుద్ధంలో కాదు, గెలిచిన తర్వాత. 1895లో చైనాను ఓడించి లియావోడాంగ్ ద్వీపకల్పం తీసుకుంది. వెంటనే రష్యా, జర్మనీ, ఫ్రాన్స్ కలిసి వచ్చి తిరిగి ఇచ్చేయమన్నాయి. ఇచ్చేసింది. మూడేళ్లకే అక్కడి పోర్ట్ ఆర్థర్‌ను రష్యా తాను కౌలుకు రాయించుకుంది. జపాన్ బడుల్లో, పత్రికల్లో ఆ అవమానాన్ని మరవనివ్వలేదు.

బ్రిటన్‌కు అప్పుడు రష్యాతోనే బాధ. ప్రపంచమంతా సముద్రాలు కాయాలి, ఓడలు చాలడం లేదు. 1902 జనవరి 30న జపాన్‌తో సంధి కుదుర్చుకుంది. మూడేళ్ల తర్వాత సుషిమా దగ్గర రష్యా నౌకాదళాన్ని తుడిచిపెట్టిన అడ్మిరల్ తోగో ఎక్కిన ఓడ మికాసా. దాన్ని కట్టింది ఇంగ్లండ్‌లోని బారోలో, విక్కర్స్ కంపెనీ. తోగో నౌకావిద్య నేర్చుకున్నదీ ఇంగ్లండ్‌లోనే. పెద్ద దేశం ఎదిగే దేశానికి ఎప్పుడూ అడ్డుపడుతుందని అనుకుంటాం. అది నిజం కాదు. తన పనికి వస్తుందనుకుంటే ఓడ కట్టిస్తుంది, చదువు చెబుతుంది, అప్పు ఇస్తుంది. వచ్చిన చిక్కల్లా ఆ తర్వాతే.

1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ ఓడ ఎమ్డెన్ మద్రాసు మీద గుండ్లు కురిపించి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబెట్టింది. తెలుగువాళ్లు ఎందరో ఉన్న నగరం అది. ఆ ఎమ్డెన్‌ను వెతకడానికి హిందూ మహాసముద్రంలోకి వచ్చిన వాటిలో జపాన్ ఓడలూ ఉన్నాయి. అప్పుడు వాళ్లు మన కాపలాదారులు. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత వచ్చి బాంబులు వేసిందీ వాళ్లే. ఆ రెండు తేదీల మధ్య ఏం జరిగిందన్నదే అసలు సంగతి.

నవంబరు 9 ఉదయం. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనికులను మోసుకుపోతున్న ఓడల బారుకు కాపలాగా వెళుతున్న వాటిలో జపాన్ ఓడ ఇబుకీ ఒకటి. దాని కెప్టెన్ కాటో కాంజీ. కోకోస్ దీవుల దగ్గర ఎమ్డెన్ కనిపించిందని కబురు వచ్చింది. ఇబుకీ యుద్ధపతాకం ఎగరేసి, మేము వెళతామని అనుమతి అడిగింది. ఇవ్వలేదు. ఆస్ట్రేలియా ఓడ సిడ్నీని పంపారు. సిడ్నీ వెళ్లి ఎమ్డెన్‌ను ముక్కలు చేసి, చరిత్రలో పేరు రాయించుకుంది. సైనిక లెక్క ప్రకారం చూస్తే ఆ నిర్ణయంలో తప్పు లేదు. మిగిలిన కాపలా ఓడల్లో ఇబుకీయే పెద్దది, దాన్ని పంపేస్తే సైనికుల ఓడలు దిక్కులేనివవుతాయి. అయినా ఆ ఉదయం ఆ కెప్టెన్ డెక్ మీద నిలబడి, తనకు రావాల్సిన పని వేరేవాడి చేతిలోకి పోవడం చూశాడు. కాటో కాంజీ పేరు గుర్తుంచుకోండి. ఏడేళ్ల తర్వాత వాషింగ్టన్‌లో మళ్లీ కనిపిస్తాడు.

పదకొండు చేతులు లేచినా

యుద్ధం ముగిసి 1919లో పారిస్‌లో శాంతి చర్చలకు కూర్చున్నప్పుడు జపాన్ గెలిచినవాళ్ల పక్కన ఉంది. తమ దూత మకినో ద్వారా ఒక కోరిక కోరింది. కొత్తగా పెట్టబోయే నానాజాతి సమితి నియమాల్లో జాతుల సమానత్వం అన్న మాట చేర్చండి, అంతే. ఆస్ట్రేలియా ప్రధాని బిల్లీ హ్యూస్ ససేమిరా అన్నాడు. తెల్లవాళ్ల ఆస్ట్రేలియా అన్నది అక్కడి ప్రభుత్వ విధానం. కాలిఫోర్నియా ఓటర్లు ఏమంటారోనని అమెరికాకు బెంగ. ఓటింగ్ పెడితే 17 మందిలో 11 మంది అనుకూలం. అధ్యక్షస్థానంలో ఉన్న వుడ్రో విల్సన్, ఇంత పెద్ద విషయానికి అందరి ఒప్పుదల ఉండాలని చెప్పి తోసిపుచ్చాడు.

ఈ చోట నేను ఆగకుండా ముందుకు పోలేను. జపాన్ ఆ రోజు అడిగింది భూమి కాదు, ఓడలు కాదు, డబ్బు కాదు. అదే సమావేశాల్లో చైనాకు చెందిన షాన్‌డాంగ్‌లో జర్మనీ హక్కులు జపానుకు దక్కాయి. ఇతరుల నేల ఇవ్వడానికి అభ్యంతరం లేకపోయింది. పక్కన కూర్చోబెట్టుకోవడానికే మనసు రాలేదు.

రెండేళ్లకు వాషింగ్టన్ సభ. 1921 నవంబరు 12న అమెరికా విదేశాంగ మంత్రి చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ లేచి, ఏ దేశం ఏ యుద్ధనౌకను పగలగొట్టాలో పేర్లు పెట్టి మరీ చదివాడు. ఆశ్చర్యమేమిటంటే తమ ఓడలతోనే మొదలుపెట్టాడు. ఆయుధాల పోటీతో మూడు దేశాల ఖజానాలూ కుదేలవుతున్న రోజులు. ఆ ప్రతిపాదన మంచిదే. పంపకంలోనే ఉంది తేడా. అమెరికా 5, బ్రిటన్ 5, జపాన్ 3. టన్నుల్లో చెబితే 5,25,000, 5,25,000, 3,15,000.

జపాన్ నౌకాదళ నిపుణుడిగా వచ్చిన కాటో కాంజీ 10కి 7 అయినా కావాలన్నాడు. దాని వెనక వాళ్ల లెక్క ఒకటుంది. పసిఫిక్ దాటి దండెత్తి వచ్చేవాడికి, ఇంటి దగ్గర కాచుకున్నవాడికంటే ఒకటిన్నర రెట్ల బలమైనా ఉండాలని వాళ్ల సిద్ధాంతం. వాటా 10:7 అయితే అమెరికా బలం 1.43 రెట్లే, దండెత్తడానికి చాలదు. 10:6 అయితే 1.67 రెట్లు, చాలుతుంది. ఆ ఒక్క అంకెలో తమ తలుపు గడియ ఉందో లేదో తేలిపోతుందని నౌకాధికారులు నమ్మారు. బడిపిల్లల చందాలు కూడా కలిసిన యుద్ధనౌక ముత్సు పగలగొట్టే జాబితాలో ఉందని తెలిసి దేశంలో గోల లేచింది. పట్టుబట్టి దాన్ని మిగుల్చుకున్నారు.

ప్రతినిధి బృందానికి పెద్ద కూడా ఇంకో కాటో. కాటో తొమోసబురో, నౌకామంత్రి. సుషిమాలో తోగో పక్కన పనిచేసినవాడు. ఆయన చూపు వేరు. అమెరికాతో యుద్ధానికి డబ్బు కావాలి, ఆ డబ్బు అప్పుగా ఇవ్వగల దేశం అమెరికా ఒక్కటే, కాబట్టి ఆ యుద్ధం మన వల్ల కాదు అన్నది ఆయన వాదన. అలాంటివాడే ప్రధాని హరా తకాషి. సభ మొదలయ్యే ఎనిమిది రోజుల ముందు, నవంబరు 4న టోక్యో స్టేషన్‌లో రైల్వేలో పనిచేసే ఒక కుర్రవాడు ఆయన్ను పొడిచి చంపాడు. ఆ చోట నేల మీద ఇప్పటికీ గుర్తు ఉంది.

బేరం నడిచినన్నాళ్లూ టోక్యో నుంచి వాషింగ్టన్‌కు వచ్చే రహస్య తంతులను అమెరికా గూఢలిపి విభాగంలో హెర్బర్ట్ యార్డ్లీ మనుషులు విప్పి చదువుతూనే ఉన్నారు. మరీ తప్పకపోతే 10:6కైనా ఒప్పుకోండి అన్న ఆదేశం జపాన్ దూతల చేతికి వచ్చేనాటికే హ్యూస్‌కు తెలుసు. పేకాటలో ఎదుటివాడి ముక్కలు కనపడుతుంటే పందెం ఎక్కడిదాకా పెంచాలో తెలియనిదెవరికి? 1931లో యార్డ్లీ ఈ సంగతి పుస్తకంగా అచ్చేశాడు. జపాన్‌లో అది విపరీతంగా అమ్ముడుపోయింది.

కాటో తొమోసబురో సంతకం పెట్టాడు. కాటో కాంజీ మాత్రం ఆ రోజు నుంచే అమెరికాతో యుద్ధం మొదలైందని అన్నాడంటారు. బ్రిటన్ ఇరవై ఏళ్ల సంధిని అక్కడే వదిలేసి, నలుగురి ఒప్పందమనే పేరుతో పలచని కాగితం ఒకటి చేతిలో పెట్టింది. ఆ సంధి కొనసాగడం అమెరికాకు, కెనడాకు ఇష్టం లేదు. 1921లోనే సింగపూర్‌లో పెద్ద నౌకాస్థావరం కట్టాలని బ్రిటన్ నిర్ణయించింది. నిన్నటి మిత్రుడి కోసమే ఆ కోట.

ఈ అంకెలో జనం పట్టించుకోని మరో విశేషం ఉంది. రెండో 5. తర్వాతి రెండు దేశాల నౌకాబలం కలిపినంతైనా తనది ఉండాలని 1889లో చట్టం చేసుకున్న బ్రిటన్, 1922లో అమెరికా పక్కన సమానంగా కూర్చుంది. 1895లో వెనెజువెలా సరిహద్దు గొడవలో అమెరికా గద్దిస్తే తగ్గి మధ్యవర్తిత్వానికి ఒప్పుకుంది. 1901లో పనామా దారిలో కాలువ హక్కు వదిలేసుకుంది. అంటే పెద్ద దేశం పీట జరపలేదని కాదు. జరిపింది, ఎవరికి జరపాలనుకుందో వాళ్లకు. బలానికి భయపడి జరిపిందని చరిత్రకారులు అంటారు. నిజమే. కానీ అదొక్కటే కారణమైతే ఆ కొలత అందరికీ ఒకటే అయి ఉండాలి.

నూట యాభై మంది

వాషింగ్టన్ ఒప్పందాన్ని జపాన్ మింగింది. దాన్ని సమర్థించిన నాయకులు ప్రధానులయ్యారు, యుద్ధనౌకలు పగలగొట్టారు. అప్పుడు అమెరికా చేసిన పని చూస్తే ఇవాళ్టికీ నాకు దుఃఖం వస్తుంది.

తకావో ఒజావా యువకుడిగా ఉన్నప్పుడే జపాన్ నుంచి వచ్చి అమెరికాలో చదువుకుని హవాయిలో స్థిరపడ్డవాడు. ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడేవాడు. పౌరసత్వం అడిగితే 1922లో సుప్రీంకోర్టు, నువ్వు తెల్లవాడివి కాదు పొమ్మంది. మూడు నెలలకే అదే కోర్టు పంజాబీ భగత్ సింగ్ థింద్‌ను కూడా అదే మాటతో తిప్పి పంపింది. ఆయన అమెరికా సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. ఇవాళ డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మన పిల్లల పౌరసత్వం వెనక ఈ రెండు తీర్పులూ కొత్త చట్టాలతో చెల్లకుండా పోయిన చరిత్ర ఉంది.

1924లో కొత్త వలస చట్టం వచ్చింది. దేశాలవారీగా కోటాలు పెట్టారు. జపానుకూ అదే కోటా వర్తింపజేసి ఉంటే ఏడాదికి సుమారు 150 మంది వచ్చేవాళ్లు. ఒక రైలు పెట్టెలో పట్టేంత జనం. అదీ కుదరదని, పౌరసత్వానికి అర్హత లేనివాళ్లు అడుగుపెట్టరాదని రాశారు. జపాన్ రాయబారి హనిహారా, దీని పర్యవసానాలు తీవ్రంగా ఉంటాయని ఉత్తరం రాస్తే, బెదిరింపు కింద లెక్కగట్టి సెనేట్ ఇంకా బిగించింది. చట్టం అమల్లోకి వచ్చిన జులై 1ని జపాన్‌లో అవమాన దినంగా పాటించారు.

అప్పటిదాకా పాశ్చాత్యులతో కలిసి నడుద్దామని జపాన్‌లో చెప్పినవాళ్లు ఇక ఏ ముఖం పెట్టుకుని చెప్పగలరు? పెద్ద దేశం చేసే తప్పుల్లో నాకు ఘోరంగా కనిపించేది ఇదే. ఎదిగే దేశంలో రెండు పక్షాలుంటాయి. ఒకటి సర్దుకుందామంటుంది, ఇంకొకటి తేల్చుకుందామంటుంది. బయటి నుంచి పడే ప్రతి చిన్నచూపూ మొదటి పక్షం కాళ్ల కింది మట్టిని తోడేస్తుంది.

1930లో లండన్‌లో మరో నౌకా ఒప్పందం. ప్రధాని హమగుచి సంతకానికి నిలబడ్డాడు. నౌకాదళ ప్రధానాధికారిగా ఉన్న కాటో కాంజీ రాజీనామా చేసి బయటికొచ్చాడు. నవంబరులో హమగుచిని కాల్చారు, అదీ టోక్యో స్టేషన్‌లోనే. తొమ్మిది నెలలు ఆ గాయంతో తీసుకుని 1931 ఆగస్టులో పోయాడు. మూడు వారాలకు జపాన్ సైన్యం మంచూరియాలోకి దిగింది. ఆయన పడిన చోటా నేల మీద గుర్తు పెట్టారు. ప్రయాణికులు దాని పక్క నుంచే రైళ్లకు పరుగెడుతుంటారు.

చమురు కుళాయి

ఇంత చెప్పాక ఒక మాట గట్టిగా చెప్పాలి. అవమానపడ్డంత మాత్రాన జపాన్ అమాయకురాలు కాదు. పారిస్‌లో సమానత్వం అడిగిన ఆ ఏడాదే కొరియాలో స్వాతంత్ర్యం అడిగినవాళ్ల మీద తుపాకులు పేల్చింది. 1937లో చైనాలోని నాంజింగ్‌లో చేసిన ఊచకోత తలచుకుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. తనకు పంక్తిలో చోటివ్వలేదని ఏడ్చినవాడు తన ఇంట్లో మరొకరిని వాకిట్లోనే నిలబెట్టాడు. పెద్ద దేశాల చిన్నచూపు జపాన్ నేరాలకు కారణమని నేననను. ఆ నేరాలను ఆపగలిగిన మనుషులను ఓడించింది అంటాను.

ఈ కథలో మనల్ని కూడా పావుగా వాడారు. 1930లలో జపాన్ చవక బట్టలు మన బజార్లలోకి వెల్లువెత్తాయి. లాంకషైర్ మిల్లుల కోసం కొంత, బొంబాయి మిల్లుల కోసం కొంత, భారత ప్రభుత్వం 1933లో బ్రిటిషేతర నూలుబట్టల మీద సుంకాన్ని 75 శాతానికి పెంచింది. బ్రిటిష్ బట్ట మీద 25 శాతమే. జపాన్ మన పత్తి కొనడం మానేసింది. ఆఖరికి 1934లో, జపాన్ ఏడాదికి 40 కోట్ల గజాల బట్ట ఇక్కడికి పంపాలంటే 15 లక్షల బేళ్ల పత్తి కొనాలని రాజీ కుదిరింది. పత్తి రైతును మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

1941 జులైలో జపాన్ సైన్యం దక్షిణ ఇండోచైనాలోకి వెళ్లింది. అమెరికా జపాన్ ఆస్తులను స్తంభింపజేసింది. ఆగస్టుకల్లా చమురు ఆగిపోయింది. జపాన్ వాడే చమురులో దాదాపు 80 శాతం అమెరికా నుంచే వచ్చేది. కొద్దికొద్దిగా వదులుతూ లొంగదీద్దామని రూజ్‌వెల్ట్ అనుకున్నా, కింది అధికారులు కుళాయిని పూర్తిగా బిగించేశారు. నిల్వ ఉన్నది ఏడాదిన్నర, మహా అయితే రెండేళ్లకు. రోజు గడిచేకొద్దీ ట్యాంకులో మట్టం దిగిపోతుంటే, తేల్చుకుందామనే పక్షానికి ఇక వాదన కూడా అవసరం లేకపోయింది. డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద పడ్డారు. ఆ దాడికి నాయకత్వం వహించిన ఓడ అకాగీ. వాషింగ్టన్ ఒప్పందం వల్ల యుద్ధనౌకగా పూర్తికాలేక విమాన నౌకగా మారిన ఓడ అది.

డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి. రంగూన్ రేవులో మూటలు మోసింది, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చింది ఎక్కువగా మన కోస్తా జనమే. కోరంగి రేవు నుంచి ఓడెక్కి వచ్చారని అక్కడ వాళ్లను కోరంగీలనే పిలిచేవారు. ఓడల్లో చోటు దొరకనివాళ్లు అడవులూ కొండలూ పట్టి అస్సాం వైపు, అరకాన్ వైపు నడిచారు. బర్మా నుంచి అలా తరలివచ్చిన భారతీయులు నాలుగైదు లక్షల మంది. దారిలో కలరాతో, ఆకలితో పోయినవాళ్ల లెక్క ఎవరి దగ్గరా సరిగా లేదు. వాషింగ్టన్‌లో అంకెలు వేసుకున్నవాళ్లకు వీళ్ల ఉనికే తెలియదు.

తర్వాత ఏప్రిల్ 5న అకాగీ తదితర ఓడలు కొలంబో మీద, 6న ర్యూజో కాకినాడ, విశాఖల మీద. ఆగస్టులో సోలమన్ దీవుల దగ్గర ర్యూజో మునిగిపోయింది.

రెండోసారి ఎదిగినప్పుడు

నలభై ఏళ్లకు జపాన్ మళ్లీ లేచింది, ఈసారి కార్లతో, టీవీలతో, మెమరీ చిప్పులతో. అమెరికా మళ్లీ ఉలిక్కిపడింది. 1981లో ఏడాదికి 16.8 లక్షల కార్లకు మించి పంపకుండా జపాన్ చేత ఒప్పించింది. 1985 సెప్టెంబరు 22న న్యూయార్క్ ప్లాజా హోటల్‌లో కూర్చుని యెన్ విలువ పెంచేలా ఏర్పాటు చేసింది. డాలరుకు 240 చొప్పున ఉన్న యెన్ రెండేళ్లకల్లా 150 లోపుకు వచ్చింది. 1986లో చిప్పుల ఒప్పందం, మాట తప్పారంటూ మరుసటి ఏడాది 30 కోట్ల డాలర్ల సరుకు మీద నూరు శాతం సుంకం. 1987లో కొందరు కాంగ్రెస్ సభ్యులు క్యాపిటల్ పచ్చిక మీద నిలబడి తొషిబా రేడియోను సమ్మెటలతో పగలగొట్టారు.

కార్ల ఫ్యాక్టరీలు మూతపడుతున్న డెట్రాయిట్‌లో 1982 జూన్‌లో విన్సెంట్ చిన్ అనే 27 ఏళ్ల యువకుణ్ని బేస్‌బాల్ బ్యాట్‌తో కొట్టి చంపారు. కొట్టినవాళ్లలో ఒకడు కార్ల కంపెనీలో సూపర్‌వైజర్. చిన్ పెళ్లికి ఇంకా రోజులే ఉన్నాయి. అతను చైనా మూలాలున్న అమెరికన్. కొట్టినవాళ్ల కళ్లకు అతను కూడా తమ ఉద్యోగాలు మింగిన జపనీయుడే. వాళ్లకు జైలు పడలేదు. ప్రొబేషన్, 3,000 డాలర్ల జరిమానాతో సరిపెట్టారు.

అయినా ఈసారి యుద్ధం మాట ఎవరూ ఎత్తలేదు. జపాన్ గడ్డ మీద అమెరికా సైన్యం ఉందని, రక్షణంతా వాళ్ల చేతిలో ఉందని, అందుకే నోరెత్తలేదని చెబుతారు. అది సగం నిజం. ఈసారి చమురు ఆపలేదు, బజారు మూయలేదు, 1975లో సంపన్న దేశాల శిఖరాగ్ర సభ మొదలైన రోజునే జపానుకు అందులో కుర్చీ ఉంది. ఒళ్లు కందేలా గిల్లారు కానీ వాకిట్లో నిలబెట్టలేదు. ప్లాజా వల్లే జపాన్ దశాబ్దాలపాటు కుంగిపోయిందని బీజింగ్‌లో చాలామంది నమ్ముతారు. జపాన్ బ్యాంకులు నేల ధరలు చూసి విచ్చలవిడిగా ఇచ్చిన అప్పుల పాపం కూడా అందులో పెద్దదే. కానీ చైనా నేర్చుకున్న పాఠం మాత్రం ఒకటే. కరెన్సీ విషయంలో లొంగకూడదు.

ఇప్పటి బంతి

చైనా విషయంలో అమెరికా ఈ రెండు పద్ధతులనూ కలిపి వాడుతోంది. 2001లో ప్రపంచ వాణిజ్య సంస్థలోకి రానిచ్చింది. 2019లో చైనా టెలికాం కంపెనీ హువావేను నిషేధ జాబితాలో పెట్టింది. 2022 అక్టోబరులో మేలురకం చిప్పులు, వాటిని చేసే యంత్రాలు చైనాకు పోకుండా ఆంక్షలు పెట్టింది. ఆ కట్టడిలో జపాన్ కూడా చేయి కలిపింది.

పీట సంగతి చూద్దాం. అంతర్జాతీయ ద్రవ్య నిధిలో చైనా ఓటు 6 శాతం చిల్లర. ప్రపంచ ఆర్థిక వ్యవస్థలో దాని వాటా అంతకు రెండింతలకు పైనే. అమెరికా ఓటు 16 శాతం పైచిలుకు, ముఖ్య నిర్ణయాలకు 85 శాతం కావాలి గనుక అమెరికా కాదంటే ఏదీ కదలదు. ఓట్ల వాటాలు కొంచెం సవరించాలని 2010లో అందరూ ఒప్పుకుంటే, అమెరికా కాంగ్రెస్ ఐదేళ్లు దాని మీద కూర్చుంది. ఈలోగా చైనా తన ర్యూజోను కట్టుకుంది. ఆసియా మౌలిక వసతుల పెట్టుబడి బ్యాంకు 2016 జనవరిలో బీజింగ్‌లో తెరుచుకుంది. చేరవద్దని అమెరికా మిత్రులకు చెబుతుండగానే 2015లో బ్రిటన్ చేరిపోయింది. ఆ బ్యాంకులో రెండో పెద్ద వాటాదారు మన దేశం. ఆంధ్రప్రదేశ్ పల్లె రోడ్ల కోసం 2018లో అది 45.5 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. ద్రవ్య నిధిలో దొరకని పీట కోసం మొదలైన పోరు మన పంచాయతీ రోడ్డు దాకా వచ్చింది.

చైనాను కూడా మర్యాదగా పంక్తిలో కూర్చోబెట్టాలని రాయబోతే నాకు సూర్యాపేట గుర్తొచ్చి చెయ్యి ఆగుతుంది. 2020 జూన్ 15 రాత్రి గాల్వాన్‌లో చైనా సైన్యంతో ఘర్షణలో ప్రాణమిచ్చిన 20 మంది మన సైనికుల్లో కర్నల్ సంతోష్ బాబు ఆ ఊరి బిడ్డ. దక్షిణ చైనా సముద్రం మీద 2016లో అంతర్జాతీయ మధ్యవర్తులు ఇచ్చిన తీర్పును చైనా చెత్తబుట్టలో వేసింది. 1919 నాటి జపాన్‌లాగే తను అడిగే గౌరవం పక్కవాళ్లకు ఇవ్వదు. అయినా నేను చెప్పదలచుకున్నది మారదు. సరిహద్దు దగ్గర గట్టిగా నిలబడటం వేరు, సభలో కుర్చీ లాగేయడం వేరు. మొదటిదాన్ని చైనాలోని మెత్తటివాళ్లు కూడా అర్థం చేసుకుంటారు. రెండోది వాళ్ల నోరు కట్టేస్తుంది. జపాన్ విషయంలో పెద్ద దేశాలు సరిగ్గా దీన్ని తిరగేసి చేశాయి. షాన్‌డాంగ్ ఇచ్చాయి, సమానత్వం ఇవ్వలేదు.

2024 అక్టోబరులో విశాఖ తీరాన మలబార్ విన్యాసాలు జరిగాయి. భారత్, అమెరికా, ఆస్ట్రేలియా, జపాన్ ఓడలు కలిసి జలాంతర్గాములను వెతికి పట్టే సాధన చేశాయి. ఎవరి జలాంతర్గాములో ఎవరూ పేరు చెప్పలేదు. బీచ్ రోడ్డులో మ్యూజియం తలుపు ముందు నిలబడితే ఎదురుగా కనిపించేది ఆ సముద్రమే. లోపల బాంబు డొల్ల ఉంది.